చీల్చకుండా పెట్టిన పేరు

సూర్యాపేట,
8 జూన్ 2025.

మంగయ్య గారికి,

నేను నర్సయ్య కూతురు సంతోషిని. మీ చెల్లెలు ఎల్లమ్మ కూతురిని అని కూడా రాయాలి, కానీ మీకొక చెల్లెలుందన్న సంగతి మూడేళ్లుగా మీకు గుర్తున్నట్టు లేదు.

ఫోను చేస్తే కలవడం లేదు. మీ అబ్బాయి చిరంజీవికి చేస్తే, "నాయిన నీ నంబర్ బ్లాక్ చేసిండు, నన్ను గూడ మాట్లాడొద్దన్నడు" అని పెట్టేశాడు. అందుకే ఉత్తరం. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, అందలేదని చెప్పడానికి వీల్లేకుండా.

విషయం సూటిగా రాస్తాను. 2022 డిసెంబరులో మా నాయిన కోదాడలో పెళ్లి వంటలవాళ్లకు ట్రాలీ ఆటోలో కట్టె తెస్తుంటే ఫారెస్టు వాళ్లు రోడ్డు మీద ఆపారు. పెన్‌పహాడ్ దగ్గర చెరువు శిఖం భూమిలో కొట్టిన సర్కారు తుమ్మ అది. అడవి కట్టె కాదని నాయిన ఎంత చెప్పినా నమ్మక, అలవాటు ప్రకారం మీకు కబురు పెట్టారు. కోదాడ చుట్టుపక్కల ఎక్కడ కట్టె పట్టుబడినా కట్టెల అడితి మంగయ్య వచ్చి ఏ చెట్టుదో చెప్తాడు, ఆయన చెప్పిందే పంచనామాలో రాసుకుంటారు. మీరు వచ్చారు, చూశారు, చండ్ర అన్నారు, సంతకం పెట్టి వెళ్లిపోయారు.

సర్కారు తుమ్మ ముళ్లకంప. ఎవడు కొట్టుకున్నా అడిగేవాడు లేడు. చండ్ర అడవి చెట్టు. మీ నోట్లోంచి వచ్చిన ఆ ఒక్క మాటతో మా నాయిన అడవి దొంగ అయ్యాడు. పట్టుకున్న బండి ఫారెస్టు ఆఫీసు ముందు తుప్పు పడుతోంది. ఆయన యాభై ఎనిమిదేళ్ల వయసులో మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. తోటి హమాలీలు ఆయన్ని "వీరప్పన్" అని పిలుస్తారు. నవ్వుతూనే పిలుస్తారు, ఆయనా నవ్వుతాడు. నేను విన్నాను.

సెప్టెంబరు 18న కోర్టులో మీ సాక్ష్యం ఉంది. ఆ కట్టె ఎప్పుడో వేలంలో పోయింది. ఇప్పుడు మిగిలింది మీ మాట ఒక్కటే అని మా వకీలు అలేఖ్య గారు అంటున్నారు. మీరు అదే మాట మీద నిలబడితే నాయినకు జైలు తప్పదట.

మీరు పొరపాటు పడ్డారు. ఆ ముక్క కోర్టులో చెప్పండి, చాలు. ఇది అడుక్కోవడం కాదు.

సంతోషి,
వృక్షశాస్త్రం లెక్చరర్.


కోదాడ,
21 జూన్ 2025.

లెక్చరరమ్మకు,

నీ రిజిస్టరు ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ అడితి ముందర పదిమందిలో సంతకం పెట్టించుకున్నడు. కోర్టు నోటీసు అనుకున్నరు అందరూ. నీ కడుపు చల్లబడ్డది కదా.

"గారు" అని, "మీరు" అని రాసినవు. బాగుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఈ అడితిలోనే, దుంగల మీద ఎక్కి దుంకుకుంట, "మామా ఇదేం కట్టె, గదేం కట్టె" అని నా పానం తీసేదానివి. ఆ పాఠాలు చెప్పినోడి పేరు నీ సర్టిఫికెట్ మీద రాసినట్టు లేరు. కింద పెద్దగ లెక్చరర్ అని మాత్రం రాసుకున్నవు.

ఇగ నీ సంగతి. ముప్పై రెండేండ్ల సంది నేను కట్టెతోనే బతుకుతున్న. ఏ దుంగనైనా గొడ్డలితో చీల్చి, చేవ చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినంకనే పేరు చెప్త. చీల్చకుండ మంగయ్య పేరు పెట్టిండని ఈ చుట్టుపక్కల ఒక్కడితోటి అనిపించు, అడితి మూసి ఇంట్లో కూసుంట. సండ్ర అన్న. అంటే సండ్రనే. మీ నాయిన ఎక్కడ కొట్టిండో, ఎవరిని నమ్మి కొన్నడో నాకేం ఎరుక?

పగతోని అట్ల అన్ననని నీ మనసులో ఉంది. ఉండనీ. పగ పట్టే పని నువ్వు చెయ్యనే లేదా? కట్టె పట్టుబడ్డ రెండు నెలల ముందు సంగతి యాదికి తెచ్చుకో. చిరంజీవికి నిన్ను అడుగుదామని పెద్దమనుషులను ఎంటబెట్టుకొని మీ ఇంటికొచ్చిన. మేనరికం మన ఇండ్లల్ల కొత్త కాదు. వద్దనుకుంటే వద్దనాలె. నువ్వు లోపల్నించి వచ్చి, అందరి ముందర, "కట్టెలు కొట్టుకునేటోళ్ల ఇంట్ల పొగ పీల్సుకుంట బతకమంటవా మామా" అన్నవు. నలుగురు పెద్దమనుషులు నవ్వు ఆపుకోలేకపోయిండ్రు. ఇంటికొచ్చేదాక నా కొడుకు తలెత్తలేదు.

ఇప్పుడు అదే కట్టె గురించి ఉత్తరం రాస్తున్నవు. రాసుకో. కోర్టుకు పిలిస్తే వస్త. అన్నమాట అన్నట్టే చెప్త.

మంగయ్య.


సూర్యాపేట,
9 జులై 2025.

మంగయ్య గారూ,

ఇక "మీరు" అనను. తిట్టడానికి అడ్డం వస్తోంది.

మొదట ఒక మాట. పగ అని నా ఉత్తరంలో ఎక్కడా లేదు. కావాలంటే మళ్లీ చదువుకో. పొరపాటు అని రాశాను నేను. పగ అని నువ్వు రాశావు.

రెండోది. ఆ రోజు ఆ మాట అన్నాను. పెళ్లి వద్దనడం తప్పు కాదు. బావను చిన్నప్పటి నుంచి అన్నలాగే చూశాను, ఇప్పుడు ఆయన పెళ్లాం పిల్లలతో సుఖంగానే ఉన్నాడు. కానీ అన్న తీరు తప్పు. నువ్వు నేర్పిన కట్టెల పేర్లతో ఉద్యోగం తెచ్చుకుని, నీ కట్టెల మీదే ఉమ్మేశాను. దానికి సిగ్గుపడుతున్నాను. ఇది నిజంగా రాస్తున్నాను. కానీ ఆ నోరు నాది. బస్తాలు మోస్తున్నది మా నాయిన.

మూడోది చదువు. ఇంతకాలం ఎవరూ నాయినను అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు. పెన్‌పహాడ్‌లో కొట్టిన కట్టెను ఆయన వెంటనే అమ్మలేదు. మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనక ఖాళీ జాగాలో వేశాడు. వడ్లు నానబెట్టిన నీళ్లు వదిలేది ఆ పక్కనున్న గుంటలోకే. ఆ వానాకాలం గుంట పొంగి, కట్టె మొత్తం రెండు నెలలపాటు ఆ పులిసిన నల్లనీళ్లలో నానింది. పట్ట ఊడిపోయింది. కొసలు ఎర్రటి నలుపు తిరిగాయి. పట్ట లేని, కొసలు నల్లబడ్డ సర్కారు తుమ్మను పైపైన చూస్తే ఎవరికైనా చండ్ర గుర్తొస్తుంది. చీలిస్తే మాత్రం గుర్తు రాదు. నీళ్లు అంత లోపలికి పోవు.

నువ్వు చీల్చానంటున్నావు. అందుకే అడుగుతున్నాను: ఆ రోజు నీ చేతిలో గొడ్డలి ఉందా?

ఈ ఉత్తరంతోపాటు బస్సు కార్గోలో ఒక మూట వస్తుంది. అందులో ఆరు కట్టెముక్కలున్నాయి. అన్నిటికీ పట్ట తీసేశాను, అంకెలు వేశాను. ముప్పై రెండేళ్ల అనుభవం కదా, పేర్లు రాసి పంపు.

సంతోషి.


కోదాడ,
30 జులై 2025.

పరీక్ష పెట్టే లెక్చరరమ్మకు,

మూట అందింది. పట్ట తీసి పంపితే మామ తడబడతడనుకున్నవా? పట్ట చూసి పేరు చెప్పేటోడు అడితి నడపడు, మేకలు కాసుకుంటడు.

ఒకటోది వేప. పొట్టు లేకున్నా చేదు వాసన పోదు. వేళ్లకు అంటింది, అన్నం తింటుంటే గూడ తెలిసింది. మూట మొత్తానికి ఆ వాసన పట్టిచ్చినవు, వేరే సంచిలో కట్టాలని గూడ తెల్వదా?

రెండోది చింత. చుట్టూ పాలిపోయిన పసుపు, నడుమ వంకరటింకర నల్లటి చేవ. గొడ్డలి పెడితే గొడ్డలే బాధపడతది. దీన్ని కోసినోడెవడో చేతులు బొబ్బలెక్కి ఉంటయి. నువ్వైతే కాదు.

మూడోది సుబాబుల్. తేలిక, నిలువుగ పోయిన నార. పేపరు మిల్లుకు పోయే సరుకు. పొయ్యిలో పెడితే గుప్పున మండి గుప్పున ఆరిపోతది, కొందరి చదువు లెక్క.

నాలుగోది మోదుగ. మెత్తగ, మురికి తెలుపు. పొగ తప్ప సెగ ఉండదు. వంటకు ఎవరూ కొనరు, హోమానికి పుల్లలు కొంటరు. నువ్వు బాగ తడిసిందాన్ని తెచ్చినవు, మూటలో ఉడికి బూజు పట్టింది.

ఐదోది సండ్ర. అసలు సండ్ర. ముదురు ఎరుపు, కొసను భూతద్దంతో చూస్తే సూదిపోట్లల్ల సున్నం నింపినట్టు తెల్లటి చుక్కలు. మీ కాలేజీ అల్మారల నమూనా ఇది. వార్నిష్ గీకి పంపినవు గానీ ఒక అంచుకు ఇంకా మెరుస్తున్నది. సర్కారు సొమ్ము బయటికి తెచ్చినందుకు నీ మీద గూడ కేసు పెట్టొచ్చు.

ఆరోదానికి టైం దొరకలేదు. అడితికి లోడు వచ్చింది, రెండు రోజుల సంది జరమొకటి. కండ్లు మండుతున్నయి.

నీ కట్టె నాకొద్దు. ఆరూ తిరిగి పంపుతున్న. లెక్క చూసుకో.

మంగయ్య.


మిర్యాలగూడ,
16 ఆగస్టు 2025.

మంగయ్య గారూ,

సెలవులకు అమ్మానాయినల దగ్గరికి వచ్చాను. మూట ఇక్కడే విప్పాను.

ఐదు ముక్కలు నేను పంపినట్టే వచ్చాయి. ఆరోది రెండు చెక్కలై వచ్చింది. ఒక్క వేటుకు, తిన్నగా నడిమికి చీలి ఉంది. చెయ్యి తిరిగిన మనిషి వేటు.

టైం దొరకలేదన్నావు. చీల్చడానికి దొరికింది. జ్వరమన్నావు, కళ్లు మండుతున్నాయన్నావు. గీకగా మిగిలిన వార్నిష్ మెరుపు కనపడిన కళ్లకు ఇది కనపడలేదా? పైన ఎర్రటి నలుపు. లోపల గోధుమరంగు చేవ, చుట్టూ సన్నని పసుపు. అది సర్కారు తుమ్మ అని చెప్పడానికి నాకు భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. దాన్ని మే నెల మొత్తం అదే గుంటలో నేనే నానబెట్టాను. నాయిన రోజూ పనికి పోతూ అది తేలకుండా మీద రాయి సరిచేశాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

దాన్ని చూసి చండ్ర అని రాసి ఉంటే, నిజంగానే పొరపాటు పడ్డావని నమ్మేదాన్ని. సర్కారు తుమ్మ అని రాసి ఉంటే, మనిషివే అనుకునేదాన్ని. నువ్వు నోరు మూసుకున్నావు. పేరు తెలియక కాదు, తెలిసి.

కొత్తగా తెలిసినవాడు ఉలిక్కిపడతాడు. అరుస్తాడు, "ఇదేం మోసం" అని నాకే నాలుగు తిట్లు రాస్తాడు. నువ్వు మాట తప్పించావు. అంటే నీకు ఇది కొత్త కాదు.

ఎప్పటి నుంచి తెలుసు?

సంతోషి.


కోదాడ,
7 సెప్టెంబరు 2025.

సంతోషికి,

మూడో రోజు నుంచి తెలుసు.

రాయొద్దనుకున్న. మూడు వారాలు ఊకున్న. నువ్వు ఇంకో ఉత్తరం రాస్తవేమో, నాలుగు తిడతవేమో, ఆ కోపంల ఇది గూడ దాటిపోవచ్చని చూసిన. నువ్వు రాయలేదు.

ఆ రోజు కబురొస్తే బండి మీద పోయిన. గొడ్డలి బండికే కట్టి ఉంది. దిగంగనే మీ నాయిన ఎదురొచ్చి, "బావా, సర్కారు తుమ్మనే, వీళ్లకు జర సెప్పు" అన్నడు. అంతే, నాకు మండింది. మీ ఇంట్ల అంతమంది నవ్వినంక, నాకు కట్టె పేరు నువ్వు చెప్పుడేందిరా అనిపించింది. గొడ్డలి విప్పలే. కొసలు చూసిన. పట్ట లేదు, ఎర్రగ నల్లగ ఉన్నయి. సండ్ర అన్న. నువ్వు నమ్మవు గానీ, ఆ నిమిషంల అది నాకు సండ్రనే అనిపించింది. అబద్ధమని తెలిసి అనలే.

పట్టుకున్న కట్టె ఉంచనీకె వాళ్లకు జాగ లేక నా అడితిలోనే దించిపోయిండ్రు. మూడో రోజు మీ అత్త నీళ్లు కాగబెట్టనీకె కట్టె అడిగితే, ఆ కుప్పలకెల్లి విరిగింది ఒకటి తీసి చీల్చిన. పులిసిన బియ్యం వాసన కొట్టింది. లోపల గోధుమరంగు. అక్కడే కూసున్న.

అప్పుడే పోయి చెప్పాల్సింది. ఎట్ల చెప్పాలె? సర్కారు తుమ్మ అది. బర్లు కాసే పిల్లలు గూడ గుర్తుపడతరు. దాన్ని అడితి మంగయ్య సండ్ర అన్నడంటే రేపటి నుంచి నన్ను పిలిచేదెవరు? ఇది ఒక సాకు. ఇంకోటి గూడ ఉంది. అది రాయకపోతే రాసింది మొత్తం అబద్ధం అయితది. మీ నాయిన బండి పోయిందంటే నాకు లోపల చల్లగ అయింది. నువ్వు అన్న మాటకు మీ ఇల్లు అనుభవిస్తుందిలే అనుకున్న.

ఆ జనవరిల మీ అమ్మ ఒక్కతే వచ్చి గేటు కాడ నిలబడ్డది. మీ అత్త తీస్తనంటే నేనే వద్దన్న. కిటికీల నుంచి చూసుకుంట కూసున్న. చానాసేపు నిలబడి పోయింది నా చెల్లెలు.

పొరపాటు ఒక పూటది. మిగిలిందంత నేను చేసిందే.

కోర్టుల చెప్త. సర్కారు తుమ్మ అని, చీల్చకుండ పేరు పెట్టిన అని చెప్త. ఈ ఉత్తరం గూడ నీ చేతుల ఉంది, ఎవరికి చూపెట్టుకున్నా నేను ఆపలేను. ఒక్కటే అడుగుత. ఆ రోజు మీ అమ్మను తీసుకురాకు. ఎల్లమ్మ ముందర నిలబడి ఆ మాట నేను అనలేను.

మామ.


మిర్యాలగూడ,
28 సెప్టెంబరు 2025.

మామా,

మొన్న శుక్రవారం కేసు కొట్టేశారు. ఈ ముక్క నీకు నా నుంచే తెలియాలని రాస్తున్నాను.

నీ సాక్ష్యం రోజు అమ్మను తీసుకురావద్దన్నావు. తీసుకొచ్చాను. నువ్వు బోనెక్కితే ఎదురుగా కనపడేచోట కూర్చోబెట్టాను. కావాలనే చేశాను. నువ్వు గేటు తీయని రోజు ఆమె మిర్యాలగూడలో బస్సు దిగి ఇంటికి నడిచొస్తూ దారిలో రెండుసార్లు కూర్చుందట. ఆ సంగతి నీ ఉత్తరం చదివి అడిగితే గానీ నాకు చెప్పలేదు. నువ్వు మాట్లాడినంతసేపూ ఆమె నిన్నే చూసింది. నువ్వు ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

"సర్కారు తుమ్మ" అని నువ్వు అన్నప్పుడు వెనక బెంచీల్లో నవ్వారు. అది కూడా నేను కోరుకున్నదే. నాలుగు రోజులు నిద్రలో కూడా ఆ నవ్వే ఊహించుకున్నాను. తీరా వినపడ్డాక అనుకున్నంత బాగాలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను, ఇంతకంటే ఎక్కువ ఒప్పుకోను.

ఇప్పుడు నీకు తెలియనిది చెప్తాను. "ఎప్పటి నుంచి తెలుసు" అన్న ప్రశ్న కాగితం మీద రాసి అలేఖ్య మేడమ్‌కు ఇచ్చాను. నీ ఉత్తరం నా సంచిలో సిద్ధంగా ఉంది. మేడమ్ లేచి, "మంగయ్యగారూ, ఇంకొక్క ప్రశ్న" అన్నది. నువ్వు కటకటాలు పట్టుకోవడం చూశాను. అప్పుడు నాయిన లేచి, చేతులు జోడించి, "సాలు మేడమ్, ఇగ అడగకుండ్రి" అన్నాడు. జడ్జిగారు కూర్చోమని కసిరారు. మేడమ్ నా వైపు చూసి కాగితం మడిచేసింది.

బయటికి వచ్చాక నాయినతో గొడవపడ్డాను. రోడ్డు మీదే అరిచాను. మూడేళ్లు తెలిసి నోరు మూసుకున్నాడు, వదిలేస్తావా అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "బండికి కట్టిన గొడ్డలి ఇప్పలేదు బావ. గప్పుడే నేను సూసిన. ఎవలికి సెప్పాలె? బావ మాట మీద నా మాట ఎవలు నమ్ముతరు?" అన్నాడు. అంటే నువ్వు చీల్చకుండానే పేరు పెట్టావని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. "మరి ఇప్పుడెందుకు ఆపినవ్?" అని అడిగాను. "గాయనను జైల్ల ఏపిచ్చి, రేపు మీ అమ్మకు ఏం మొహం సూపియ్యాలె?" అన్నాడు.

నీ ఉత్తరం దీంతోపాటే పంపుతున్నాను. నకలు తీసుకోలేదు. చింపుకుంటావో దాచుకుంటావో నీ ఇష్టం. నిన్ను క్షమించి పంపడం లేదు. క్షమించడం నా వల్ల కాదు. నాయిన పంపమన్నాడు.

అమ్మ సంగతి రాసి ఆపేస్తాను. కోర్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుంది. నాయిన మూడేళ్లు బస్తాలు మోసి మోసి భుజం కాయలు కాచింది. ఆ భుజం రోజూ ఆమె ముందే ఉంటుంది. దాని గురించి ఏదో అంటుందని చూశాను. నిన్ను తిడుతుందని చూశాను.

"అన్న శాన బక్కగైండు" అన్నది.

సంతోషి.